పాత బస్సు ఇంజనులో నేను పోసిన ఆముదం

నిన్న మధ్యాహ్నం పావగడలో బస్సులు నిలిచే చోట ఒక వర్తకుడు చిన్న డబ్బా మూత తీశాడు. పాత ఇంజను నూనెలో ఈ మందు కలిపితే పొగ తగ్గుతుందని, చప్పుడు అణుగుతుందని చెబుతున్నాడు. డబ్బాలోంచి ఆముదం వాసన వచ్చింది. పక్కనున్న డ్రైవరు నవ్వి, "ఖాదర్ సాబు చెరిపిన బస్సుకు ఇది దొరికింటే బతికేదేమో" అన్నాడు. ఆ మాట ఈ ఊళ్లో కొన్నేళ్లుగా తిరుగుతోంది. ఖాదర్ సాబు ఇప్పుడు లేరు. ఆ బస్సును చెరిపింది ఆయన కాదు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

ఆయన మా బస్సుకు మెకానిక్కు. నేను దాని డ్రైవరును. రోజూ పొద్దున ఇంజను నూనె ఒక చుక్క తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసేవారు. తరువాత ఒక కర్ర కొనను ఇంజనుకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని వినేవారు. ఆయనకు అక్షరాలు రావు. నేను బడిలో నాలుగో తరగతి దాకానే చదివినా, మిగతాదంతా వాచనాలయంలో కూర్చుని నేర్చుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా చదవగలిగేవాణ్ణి. సాయంత్రాలు బస్సు మెట్టు మీద కూర్చుని, "ఈ పొద్దు పుస్తకంలో ఏముండాదో చెప్పప్పా" అని ఆయన అడిగితే నాకు ఎక్కడలేని గర్వం వచ్చేది.

యుద్ధం రోజులవి. ఇంజను అరిగిపోయి నీలం పొగ కక్కుతోంది. కొత్త సామాను బెంగళూరులో కూడా దొరకడం లేదు. విమానాల ఇంజన్లకు ఆముదం వాడతారని ఒక పుస్తకంలో చదివాను. మా వైపు చెనక్కాయ చేల గట్ల మీద ఆముదం చెట్లే, ప్రతి ఇంట్లో ఆముదమే. సాబు గారికి చెప్పకుండా అర సేరు పోశాను. పొగ తగ్గింది. ఇంకో రెండుసార్లు పోశాను.

"ఏందప్పా, ముసల్ది మెత్తగా పలుకుతాండాది?" అన్నారాయన.

నేను నవ్వి ఊరుకున్నాను. ఏదో ఒకనాడు పుస్తకం తెరిచి ఆయనను ఆశ్చర్యపరచాలని నా ఆశ.

నెల తిరక్కుండానే నూనె ఒత్తిడి చూపే ముల్లు కిందికి జారసాగింది. సాబు గారు ఇంజను అడుగు విప్పారు. నూనెను వడగట్టే తీగ జల్లెడ మీద గోధుమరంగు జిగురు అట్టకట్టి ఉంది. ఆయన దాన్ని వాసన చూసి నన్ను పిలిచారు.

"ఆముదం. ఎంత పోసినావు?"

నేను జల్లెడ అందుకుని గోటితో జిగురు గీకబోయాను.

"సిగ్గు తర్వాత పడుదువులే. ఎంతో చెప్పు. దాన్ని బట్టే లోపల ఎంత దూరం కడగల్లో తెలుస్తాది."

"అర సేరు. ఒక్కసారి."

ఆయన నమ్మారు. జల్లెడ కడిగి, లోపల ఇరుసు తిరిగే బేరింగులు కూడా సరిచూసి బిగించారు. ఎవరికీ చెప్పలేదు.

మూడోనాడు నిండు బస్సుతో నిడుగల్లుకు బయలుదేరాం. యజమాని రంగప్పశెట్టి గారు నా పక్కన, సాబు గారు వెనక సీట్లో ఉన్నారు. మంగళవాడ దాటగానే ముల్లు మళ్లీ పడింది. ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది. ఆపాను. సాబు గారు కర్ర ఆనించి చాలాసేపు విన్నారు.

"బేరింగు చప్పుడు. నేనే బిగువుగా కూచోబెట్టినానేమో. ఈ మధ్య కండ్లు ఆనడంల్యా."

"ఆనకపోతే ఇంట్లో కూచోవల్ల సాబూ," అన్నారు శెట్టి గారు. "రేపట్నుంచి రావద్దు. హిందూపురం నుంచి ఇంకొకన్ని పిలిపిస్తా."

సాబు గారు పనిముట్ల గుడ్డ మడిచారు. "సరే శెట్టిగారూ. ఈ పొద్దుకు బండిని ఊరు చేర్చి పోతా." నా వైపు తిరిగి, "నిదానంగా తోలప్పా, నిడుగల్లు దాకా లాగుతాది" అన్నారు.

లాగదని నాకు తెలుసు; నా అబద్ధం వల్ల ఆయన కడగని జిగురు లోపల ఇంకా ఉంది. ఇంకో మైలు నడిపితే ఇంజను పట్టేస్తుంది. అప్పుడు తప్పు ఎవరిదన్న ప్రశ్నే ఉండదు, అంతా సాబు గారి మీదే పడుతుంది. బస్సంతా నేను కదిలించడం కోసం చూస్తోంది. నేను స్టీరింగు మీంచి చేతులు తీశాను.

"మూడుసార్లు పోసినాను సాబుగారూ. సేరున్నర."

"ఏం పోసినాడంట?" అని వెనకనుంచి గొర్రెల ఈరన్న అడిగాడు.

"ఆముదమంట. పసిబిడ్డకు తాపినట్ల తాపినాడు," అంది ఒళ్లో కడవ పెట్టుకున్న హనుమక్క.

శెట్టి గారి ముఖం ఎర్రబడింది. "దిగురా. నీకింక స్టీరింగు లేదు."

"దిగనీండి. బస్సు కిందికి దిగనీండి," అన్నారు సాబు గారు. "నాకు రెండు చేతులు చాలవు."

హనుమక్క తన కడవ ఇస్తే అందులోకి నూనె దించాం. ఈరన్న కొత్త పంచె చించి ఇస్తే దాంతో వడకట్టాం. ఆ జిగురు కిరసనాయిలుకు కరగలేదు. పుల్లలతో, గోళ్లతో పొద్దు వాలేదాకా గీకాం. సాబు గారు నన్ను తిట్టలేదు. బస్సు కింద పక్కపక్కన పడుకుని ఉండగా ఒక్కమాట అన్నారు. "మొన్న అడిగిన్నాడే చెప్పింటే షెడ్డులో నీడన గీక్కుంటాంటిమి గదప్పా."

బస్సు నిడుగల్లు చేరింది గాని, దెబ్బతిన్న బేరింగు మళ్లీ కోలుకోలేదు; ఏడాది తిరక్కుండా బస్సు మూలపడింది. శెట్టి గారు సాబు గారిని ఉంచుకున్నారు. ఆరు నెలలు నన్ను ఆయన కింద పనికి పెట్టారు. మొదటి వారమే సాబు గారు ఆ పుస్తకం తెమ్మన్నారు. "నువ్వు ఆపిన కాడి నుంచి సదువు." తరువాతి పేజీలోనే ఉంది. ఆ విమానాల ఇంజన్లలో ఆముదం తిరిగి తిరిగి వాడరట, ఎప్పటికప్పుడు బయటికి పోతుందట. వాచనాలయం మూసే వేళయిందని ఆ రోజు నేను ఆ పేజీ తిప్పలేదు. ఆయన నవ్వలేదు. "ఇంగా ముందుకు సదువప్పా" అన్నారు.

ఆ రోజు బస్సులో ఉన్నవారు ఎక్కువగా పల్లెల వాళ్లు; పావగడలో నిజం దాదాపు ఎవరికీ తెలియదు. సాబు చెరిపాడనే ఊరు అనుకుంది. నేను విని ఊరుకున్నాను. ఒకసారి ఆయనతోనే చెబితే, "అనుకోనీలే, పని చూడు" అన్నారు. ఆ మాటను నాకు దొరికిన అనుమతిగా తీసుకోవడం నా రెండో తప్పు. ఇప్పుడు నేనూ మెకానిక్కునే. ఇకమీదట ఎవరైనా ఇంజను చెరుపుకుని నా దగ్గరికి వస్తే, ముందు నేను ఎంత పోశానో చెబుతాను. తరువాత వాళ్లు ఎంత పోశారో అడుగుతాను. వాళ్లు నిజమే చెబుతారు.

ఇది రాయడానికి కాగితాలిచ్చిన వాచనాలయం సిద్దప్ప గారికి, ఆనాటి సంగతులు సరిదిద్దిన మంగళవాడ హనుమక్కకు, నిడుగల్లు ఈరన్నకు, "సాబును రావద్దని నేనన్న మాట కూడా రాయి" అన్న రంగప్పశెట్టి గారికి నా కృతజ్ఞతలు. సాబు గారి భార్య ఫాతిమాబీ గారికి మొత్తం చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విని, "ఆయప్ప ఉన్నప్పుడు రాసింటే ఆయప్పకే సదివి వినిపిస్తాంటివి గదప్పా" అన్నారు. ఆమెకు కూడా నా కృతజ్ఞతలు.