సీతాఫలం తెరమీద నిలిచిన మధ్యాహ్నం

పోయిన వారం మా కోడలు కొత్త కంప్యూటర్ కొనుక్కొచ్చి, చల్లటి ఏసీ గదిలో గాజు బల్లమీద పెట్టి, ఇక దీని మూత తెరవాల్సిన పనే ఉండదట మామయ్యా అని మురిసిపోతూ చెప్పింది. మూత తెరవకుండా కంప్యూటర్‌తో ఎలా బతుకుతారో నాకైతే ఇప్పటికీ అంతుబట్టదు. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఆ యంత్రమంటే బియ్యం డబ్బా అంత తెర, దాని పక్కన ఇనుప పెట్టె, ఆ పెట్టెలో చిన్న ఫ్యాను. ఆ ఫ్యాను తిరిగితేనే మాకు రోజు గడిచేది.

మా బాపు, అంటే మా నాన్న, సిరిసిల్ల నుంచి సూరత్‌కు మగ్గాల పనికి వచ్చినవాడే అయినా, ఆయన అసలు విద్య వేరు. గళ్ల కాగితం ముందేసుకుని, సన్నటి కుంచెతో గడి గడికీ రంగు నింపి చీరల అంచులకు నమూనాలు గీసేవాడు. ఆ గడులను చూసే మగ్గం మీది అట్టలకు రంధ్రాలు కొట్టేవారు, ఆ రంధ్రాలను బట్టే చీరమీద పువ్వు లేచేది. ఆ విద్య పుణ్యాన నేనూ నా భార్యా పన్నెండు గంటల మగ్గం పని వదిలి, ఆయన పక్కన కూర్చుని గళ్లు నింపడం నేర్చుకున్నాం. అంతలో బాపు కళ్లు మసకబారాయి. గడులు కలిసిపోయి కనిపిస్తున్నాయని ఆయన కుంచె కడిగి గూట్లో పెట్టేశాడు. అదే రోజుల్లో మార్కెట్లో సేఠ్‌లందరూ కంప్యూటర్‌మీద డిజైన్లు చూపించేవాళ్ల దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. మేము కూడా ఆ యంత్రాన్ని పట్టుకోకపోతే ముగ్గురం మళ్లీ మగ్గం ముందు నిలబడాల్సిందే.

అట్లా ఒక పాత కంప్యూటర్ సూరత్ శివారు బమ్రోలిలోని మా గ్యారేజీకి వచ్చింది. ఒకప్పుడు టెంపో నిలిపిన గది అది. పైన రేకులు, ముందు షట్టరు, పక్క గోడకు అవతల పదహారు మగ్గాలు. ఆ మగ్గాల నుంచి లేచే నూలు పీచు గాలిలో తేలుతూ వచ్చి అన్నంలో, జుట్టులో, కనురెప్పలమీద కూడా వాలేది. ఇక ఇనుప పెట్టెను వదులుతుందా? యంత్రం అరగంట నడిచేది, పీచు చుట్టుకున్న ఫ్యాను గుర్రుమనేది, తెర నల్లబడేది. ప్లాస్టిక్ సంచి కప్పితే ఉడికిపోయింది. మూత తీసి టేబుల్ ఫ్యాను పెడితే ఉన్న పీచంతా లోపలికే పోయింది. షట్టరుకు తడి గోనెసంచులు కట్టి చూశాం, ఆ తేమకు పెట్టెను ముట్టుకుంటే కరెంటు కొట్టి చెయ్యి జివ్వుమంది! చివరికి రోజూ ఆ పెట్టెను సైకిల్ వెనక కట్టుకుని, మూలమీది పంక్చర్ దుకాణానికి తీసుకెళ్లి, టైర్లకు గాలి కొట్టే గొట్టంతో ఊదించుకుని వచ్చేవాణ్ని. ఈ దూదంతా దాచిపెట్టుకో భాయ్, చలికాలానికి రజాయి కుట్టించుకోవచ్చు అని దుకాణమాయన హిందీలో నవ్వేవాడు. బాపు మాత్రం నవ్వేవాడు కాదు.

"గా డబ్బను బయట పారెయ్ రా. నా కండ్లు పోయినయ్ గని బుద్ధి పోలే," అని షట్టరు వైపు మొహం తిప్పుకుని కూర్చునేవాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం మార్కెట్ నుంచి పెద్ద సేఠ్ మా డిజైన్లు చూడటానికి వచ్చాడు. ఆయన ఒప్పుకుంటే సీజనంతా మాకు పని ఉన్నట్టే. నా భార్య వారం రోజులుగా తిప్పలుపడి ఒక డిజైన్ ఎక్కించి పెట్టింది. తెరమీద అది విచ్చుకుంది: సీతాఫలాలు, ఒక్కో కన్నూ విడివిడిగా, ఆకుల మధ్య వరుసకట్టి. ఎవరు గీశారని సేఠ్ అడిగాడు. మా మామ గీసిన పాత కాగితం చూసి ఎక్కించానని ఆమె చెప్పగానే బాపు తల తిప్పాడు. లేచి వచ్చి తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. ఆమె చటుక్కున బొమ్మను పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. ఒక్కో గడి అగ్గిపెట్టె అంత అయింది.

"గళ్లు కనవడుతున్నయ్ బిడ్డా! నా గళ్లు కనవడుతున్నయ్!" అని బాపు అరిచాడు.

సరిగ్గా అప్పుడే పెట్టె గుర్రుమని, తెర నల్లబడిపోయింది.

సేఠ్ మంచివాడు కనుక తిట్టలేదు. చాయ్ తాగి, పక్క వీధిలో ఇంకొకరిని చూసి, గంటలో మళ్లీ వస్తానని వెళ్లాడు. నేను తల పట్టుకుని కూలబడ్డాను. నా భార్య మాత్రం వెనక గోడ వైపు చూస్తూ నిలబడింది.

"ఎప్పుడు జూసినా మగ్గాల దిక్కు గాలే తాపుతున్నం దానికి. ఎనక గల్లీల నీడ ఉన్నది, పీచు లేదు. గోడకు తొర్ర గొట్టి ఆ గాలి ఇద్దాం."

"కిరాయి గోడ! ఇంటాయన ఊకుంటడా?" అన్నాను.

"ఇంటాయనతోని నేను మాట్లాడ్త. నువ్వు జర జరుగు," అన్నది ఎవరో కాదు, బాపు! చూస్తే అప్పటికే ఆయన చేతిలో గడ్డపార ఉంది. డబ్బాను పారెయ్యమన్న మనిషి, అరవై దాటిన మనిషి, దెబ్బమీద దెబ్బ వేసి నాలుగు ఇటుకలు ఊడగొట్టాడు. నేను పెట్టెను సైకిల్‌మీద పంక్చర్ దుకాణానికి ఉరికించి, ఊదించుకుని, అదే ఉరుకులో వెనక్కి వచ్చాను. అప్పటికి నా భార్య తన వాయిల్ చీరొకటి చింపి, నాలుగు పొరలు వేసి, చెక్క చట్రానికి బిగించేసింది. చట్రాన్ని ఆ తొర్రకు పెట్టి, ఆ గాలిని లోపలికి లాగేలా టేబుల్ ఫ్యానును తిప్పి అమర్చి, పెట్టెను ఒక చెక్క అలమరలో పెట్టి దాని ముందుకు జరిపాం. వెనక గల్లీ గాలి బట్టలో వడకట్టుకుని లోపలికి వచ్చి, అలమర తలుపు సందులోంచి మా మొహాలకు కొట్టింది. ఆ గాలి తోపుకు మగ్గాల పీచు అటువైపే రాలేదు!

సేఠ్ వచ్చాడు. మీట నొక్కాను. సీతాఫలాలు లేచాయి. పది నిమిషాలు, ఇరవై, అరగంట... నిమిషాలు లెక్కపెడుతూ నిలబడ్డాను. సేఠ్ ఆకుపచ్చ తీసి ముదురు గులాబీ, అదే రాణీ రంగు వేయమంటే ఆమె వేసింది, మళ్లీ మార్చమంటే మార్చింది. వారం రోజుల కుంచె పని రెప్పపాటులో అయిపోతుంటే బాపు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. గోడ పగిలిన చప్పుడుకు వచ్చిన పక్క మగ్గాలవాళ్లు కూడా మా వెనక ఎగబడి చూస్తున్నారు. గంట దాటినా తెర ఆరలేదు. సేఠ్ ఆ ఒక్క డిజైనే కాదు, అలాంటివి ఇంకో ఆరు కావాలన్నాడు.

ఇంటాయన తిట్లు బాపే తిన్నాడు, నవ్వుకుంటూ తిన్నాడు. మరుసటి వారమే మౌస్ పట్టాడు. మొదట్లో అది ఆయన చేతిలో ఎలుకలాగే పరుగెత్తినా, మెల్లగా లొంగింది. ఆ తర్వాత ఆరేళ్లు, ఇక చాలించాననుకున్న చేత్తోనే, ఎన్ని పువ్వులు పూయించాడో!

ఇప్పుడు సేఠ్‌లు రారు. డిజైన్ ఫోన్‌లో పోతుంది, సరేనన్న మాట ఫోన్‌లోనే వస్తుంది. పనంతా నిమిషాల్లో ముగుస్తుంది, బట్టకు చెమట కూడా అంటదు. వద్దనుకుంటానా, హాయిగానే ఉంది. కానీ ఒక పువ్వు మరీ బాగా కుదిరినప్పుడు, ఇటు రండి, ఇది చూడండి అని పిలవబోయి పక్కకు చూస్తాను. మా కోడలు తన తెరలో ఉంటుంది, కొడుకు తన తెరలో. ఒక్క తెర చుట్టూ అంతమందిమి భుజాలు రాసుకుంటూ, చెమట కారుస్తూ, ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ ఇరుకు, మళ్లీ ఎక్కడా దొరకలేదు.