పడమటి గాలికి దిగిన సమ్రీన్

చిలకలూరిపేటలో పత్తి లారీలకు టార్పాలిన్ పట్టాలు కుట్టే ఖలందర్ కూతురు సమ్రీన్ కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. మిషన్ మీద కాలు ఉంటుంది, కళ్లు రోడ్డు మీద ఉంటాయి. పాతికేళ్లు దాటినా అదే తీరు. అలాంటి పిల్లకి, ఈత నేర్పే చైతన్య కొత్త పిచ్చి ఒకటి అంటించాడు. గాలి నింపిన పెద్ద రెక్కను చేతులతో పట్టుకుని, అడుగున పొడవాటి కాడ బిగించిన బోర్డు మీద నిలబడాలి. వేగం అందుకుందంటే బోర్డు నీళ్లను వదిలి మోకాలెత్తున లేస్తుంది. వింగ్ ఫాయిలింగ్ అంటారట. పులిచింతల డ్యామ్ వెనక నిలిచిన నీళ్లలో ఏడాదిపాటు పడుతూ లేస్తూ నేర్చుకుంది. ఇంట్లో మాత్రం ఉత్త ఈతేనని చెప్పింది.

అసలు సంగతి తెలిసి తల్లి ఖదీజా ఇల్లు పీకి పందిరేసింది. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. సూర్యలంక సముద్రంలో ఒక్కసారి తల్లి కళ్ల ముందు చెయ్యాలి. చూశాక ఖదీజా వద్దంటే సమ్రీన్ ఇక జన్మలో రెక్క ముట్టుకోకూడదు.

మే నెల పొద్దున తల్లీకూతుళ్లు రెక్కా బోర్డూ తీసుకుని సూర్యలంక ఇసుకలో నిలబడేసరికి చైతన్య ఇంకా రాలేదు. ఫోన్ చేశాడు.

"రైలు గేటు దగ్గర ఇరుక్కున్నా సమ్రీన్. గాలి ఒడ్డు నుంచే కొడతా ఉంది. అది సముద్రం వైపు నుంచి తిరిగిందాకా దిగొద్దు."

"సరే సార్," అంది. అంటే ఆగుతుందా? పడమటి గాలి వెచ్చగా వీపును తోస్తోంది. పల్నాడులో పుట్టినదానికి పడమటి గాలంటే ఇంటి గాలి. వేసవిలో అది మొదలైందంటే పొద్దుగూకేదాకా ఆగదు. షాపు ముందు పట్టాల మీద రాళ్లు పెట్టేది దానికి భయపడే. దాన్ని నమ్మక దేన్ని నమ్మాలి? పులిచింతలలో ఎటు కొట్టుకుపోయినా ఏదో ఒక గట్టు తగిలేది. సముద్రానికి అవతలి గట్టు లేదన్న సంగతి ఆ తొందరలో ఆమె బుర్రకెక్కలేదు.

"ఏందే, ఆయన వద్దన్నాడు గదా?" అంది ఖదీజా.

"ఇంత మంచి గాలి మళ్లీ ఉంటదో లేదో అమ్మీ. చూస్తా ఉండు!"

అలలు రెండుసార్లు బోర్లా పడేశాయి. మూడోసారి దాటేసింది. బోర్డు లేచింది. నీళ్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. అబ్బ, ఏం పరుగది! సమ్రీన్ గట్టిగా కేక పెట్టి నవ్వింది. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ గింజంత ఉంది. సరే మలుపుదామనుకుంది. సరిగ్గా అప్పుడే గాలి చచ్చిపోయింది.

రెక్క చతికిలబడింది, బోర్డు మునిగింది. బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు వెనక్కి తోసింది. ఎంత తోసినా ఒడ్డు దగ్గర పడలేదు. గాలి మళ్లీ ఒక విసురు విసిరి ఇంకాస్త లోపలికి లాగి, మళ్లీ ఆగింది. అరిస్తే ఎవరికి వినపడుతుంది? చేతులు పీక్కుపోతున్నాయి. ఇక్కడే చచ్చిపోతానేమో అనుకుంది. చేసేదేమీ లేక బోర్డును కరుచుకుని కూర్చుంది.

ఎంతసేపటికో తూర్పున నీళ్లు నల్లగా ముడతలు పడ్డాయి. చల్లగాలి ముఖానికి తగిలింది. పడుతూ లేస్తూ, ఆ గాలి పట్టుకుని ఒడ్డుకొచ్చి ఇసుకలో కూలబడింది.

ఖదీజా పరుగెత్తుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"యా అల్లా, ఎంత దూరం పోయినావే! నడిసముద్రంలో ఎంత తీరిగ్గా కూర్చున్నావు! చానా బాగుంది. పోవే, ఇంక నేను అడ్డం రాను."

నోరు మూసుకుంటే చాలు, కోరింది దక్కినట్టే. కానీ సమ్రీన్ వల్ల కాలేదు.

"తీరిక కాదమ్మీ. గాలి ఆగిపోయింది. లోపలికి ఈడ్చుకుపోయింది. ఇంక రాననుకున్నా."

ఖదీజా చెంప మీద ఒక్కటి పీకింది. వెంటనే దగ్గరికి లాక్కుని కొంగుతో తల తుడవసాగింది.

"వద్దని చెప్పమ్మీ. మానేస్తా."

"చెప్పను. నేను వద్దంటే నీకు హాయి. నా మీదకి నెట్టేసి జన్మంతా నన్ను తిట్టుకుంటావు. పోతావో మానతావో నువ్వే తేల్చుకో. పోతే మాత్రం ఇట్టనే నిజం చెప్పు."

గాలి ఇప్పుడు సముద్రం మీంచి నిండుగా వస్తోంది. రెక్క ఇసుకలో టపటపా కొట్టుకుంటోంది. అమ్మ వద్దని ఆ ఒక్క ముక్క అనేస్తే ఎంత బాగుండేదో అనిపించి, సమ్రీన్ ఆమె భుజం మీద తల పెట్టి బోరుమని ఏడ్చింది.