గోడ అవతలి మేలుకొలుపు

కళ్ళజోళ్ళ షాపాయనను రోజూ పొద్దున్నే లేపేది తలగడ పక్కనున్న ల్యాప్‌టాప్. అందులోంచి ఆయన భార్య పిలిచేది: “లేవండీ... తెల్లారిపోయింది. మళ్ళీ పిలవను, ఏమనుకున్నారో!” ఆయన కళ్ళు తెరవకుండానే “ఆఁ, లేస్తున్నా” అనేవాడు. తర్వాత అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో ముందు దాని తెర తుడిచి, ఆనక తన కళ్ళజోడు తుడుచుకునేవాడు.

ఆవిడ పోయి చాన్నాళ్ళయింది.

ఉన్నప్పుడు కూడా ఆ పిలుపు ఈ ల్యాప్‌టాప్ పెట్టెలోంచే. మందుల వేళలు, చుట్టాల పుట్టినరోజులు, గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా అన్నది, అన్నీ దానికే అప్పజెప్పిన మనిషి ఓ రోజు భార్యనూ దాని ముందు కూర్చోబెట్టాడు.

“రోజూ గొంతు చించుకోవడం దేనికి? ఒక్కసారి చెప్పెయ్యి, ఇక అదే పిలుస్తుంది.”

“అయితే కాపురం కూడా దాంతోనే చెయ్యండి,” అంటూనే నవ్వి, చెప్పింది. ఆనాటి నుంచి పక్క గదిలో పని చేసుకుంటూ తన గొంతు తానే వినేది.

పక్కింటికీ వీళ్ళింటికీ మధ్య ఒకటే పలచని గోడ. పక్కింటివాళ్ళూ ఆ పిలుపుకే లేచేవారు. అలారం పెట్టుకోవడం ఎప్పుడో మానేశారు.

ఓ పొద్దున పిలుపు రాలేదు. పక్కింటావిడ జుట్టు ముడేసుకుంటూ వచ్చి తలుపు కొట్టింది. “అన్నయ్యగారూ, వదిన ఇవాళ లేపలేదేంటి? మా ఆయనకు బస్సు తప్పిపోయింది!” నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగింది. ఆయన ఒళ్ళో ల్యాప్‌టాప్ ఉంది. తెర నల్లగా ఉంది.

మెకానిక్ విప్పి చూసి పెదవి విరిచాడు. “లోపలిదంతా పోయింది సార్. కాపీ తీసి పెట్టుకున్నారా?”

“ఆఁ. అందులోనే ఇంకో చోట పెట్టా.”

“ఉన్న రెండు తాళంచెవులూ బీరువాలో పెట్టి తలుపేసినట్టుంది సార్,” అన్నాడు. అన్నందుకు నొచ్చుకుని, దుమ్ము దులిపి కుర్చీ జరిపాడు.

ఆయనకు ఏడుపు రాలేదు. షాపుకు వెళ్ళి ఒకావిడ ఫ్రేముకు మర బిగించాడు. ఇంకొకరి అద్దాల అంచు అరగదీశాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఎవరూ లేనప్పుడు “లేవండీ” అని మెల్లగా అని చూశాడు. మాటలన్నీ గుర్తున్నాయి. ఎక్కడ సాగదీసేదో, ఎక్కడ విసుక్కునేదో రావడం లేదు. పెట్టెలో ఉందిలే అనుకుని చెవి ఏదీ దాచుకోలేదు. మళ్ళీ అన్నాడు. ఎవరో కొత్త మనిషి అన్నట్టుంది.

సాయంత్రం పక్కింటావిడ గిన్నె మీద మూతపెట్టి భోజనం తెచ్చింది. అడక్కుండానే గ్లాసులో నీళ్ళు పోసింది. అలాంటివాళ్ళను దేవుడు ఎవరి గోడ పక్కన ఉంచాలో ఆలోచించే ఉంచుతాడు.

“తినండి అన్నయ్యగారూ, చల్లారిపోతుంది.”

ఆయన గిన్నె వంక చూడలేదు. “చెల్లెమ్మా, మీ వదిన ఎలా పిలిచేదో నీకు గుర్తుందా?”

“గుర్తులేకపోవడమేంటి! మా పిల్ల కూడా అచ్చం అలాగే అంటుంది.”

ఆయన కళ్ళజోడు తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“అయితే రేప్పొద్దున నువ్వు లేచాక, ఆ గోడ దగ్గర నిలబడి ఒక్కసారి అలా పిలుస్తావా? నాకు వినపడేలా.”