బావ రక్తం ఇచ్చే ఆదివారం

మొన్న ఆదివారం కూరలకని బయల్దేరితే, సీతమ్మధారలో రోడ్డు పక్కన షామియానా వేసి రక్తదాన శిబిరం పెట్టారు. మైకులో ఒకాయన పెళ్ళి భోజనాలకి పిలిచినట్టు వచ్చేపోయేవాళ్ళని పిలుస్తున్నాడు. నాకు వయసు మీరింది, పైగా షుగరు, నా రక్తం దోమలకి తప్ప ఎవరికీ పనికిరాదు. అయినా సంచీ పట్టుకుని అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా చెల్లెలి భర్త. నాకంటే చాలా చిన్నవాడు, కానీ మా వైపు మగవాళ్ళం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం కాబట్టి నేను ఆయనకి బావని, ఆయన నాకు బావ. ఆటోనగర్‌లో లారీ బాడీలకి వెల్డింగు చేసేవాడు. మనిషి వచ్చే ముందు కాలిన ఇనుము వాసన వచ్చేది, ఆ వెనకే నవ్వు వచ్చేది. ఏటా ఎండలు తగ్గాక షెడ్ల వాళ్ళంతా కలిసి ఒక ఆదివారం రక్తదాన శిబిరం పెట్టేవారు. ఇచ్చినవాళ్ళకి పళ్ళరసం, బిస్కట్లు, ఒక స్టీలు డబ్బా. బావ అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచేవాడు. మా చెల్లెలి వంటింట్లో పప్పులన్నీ ఆ డబ్బాల్లోనే ఉండేవి. ఇల్లు రక్తం ధారపోసి నడుపుతున్నావయ్యా అని నేను వేళాకోళం చేస్తే, బావ దగ్గర జవాబు తయారుగా ఉండేది.

“రగతంలో ఏదైనా తేడా ఉంటే ఆళ్ళే ఫోన్ సేసి రమ్మంతారు బావా. ఇన్నేళ్ళూ సెయ్యలేదంటే నాను ఉక్కే కదేటి?”

అందులో అబద్ధం లేదు. శిబిరంలో తీసిన రక్తాన్ని హెచ్‌ఐవీకీ, కామెర్లకీ, ఇంకా వేటివేటికో పరీక్ష చేస్తారు. ఏదైనా బయటపడితే మనిషిని చాటుగా పిలిచి చెప్తారు. ఆ షెడ్లలో పనిచేసే మగవాళ్ళకి జరిగే హెచ్‌ఐవీ పరీక్ష అదొక్కటే. తనంతట తాను వెళ్ళి చేయించుకునేవాడు ఎవడుంటాడు? వెళ్తే, ఎందుకెళ్ళాడని వీధంతా అడుగుతుంది.

ఒక ఏడు బావకి కామెర్లు వచ్చి తగ్గాయని శిబిరంలో వద్దన్నారు. అలిగి ఇంటికొచ్చాడు. మరుసటేడు ఇద్దువులే అని చెల్లెలు సముదాయించింది. మరుసటేటికి కరోనా వచ్చింది. షెడ్లు మూసేశారు, శిబిరం మాట ఎత్తినవాడు లేడు. ఆ పై ఏడూ అంతే. ఆ రోజుల్లోనే బావకి జ్వరాలు మొదలయ్యాయి. నోట్లో తెల్లటి పూత, తగ్గని విరేచనాలు, దగ్గు. జ్వరం వచ్చినప్పుడల్లా కరోనా పరీక్ష, లేదని తేలినప్పుడల్లా చెల్లెలు దేవుడికి కొబ్బరికాయ. చొక్కాలు వదులైపోతుంటే పనిలేని దిగులన్నాం. కరోనా కాదంటే ఇంక ఏ రోగమూ కాదనుకునే రోజులవి.

చివరికి వీధిలో మందులిచ్చే డాక్టరు, ఎందుకైనా మంచిది, పెద్దాసుపత్రికెళ్ళి హెచ్‌ఐవీ పరీక్ష చేయించమన్నాడు. బావ వెళ్ళనంటే వెళ్ళనన్నాడు. చెల్లెలు ఏడ్చి ఆటో ఎక్కించింది. సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

“గదికి తాళమేసుంది అన్నయ్యా. రగతం తీసే అమ్మని కరోనా డూటీకి ఏసీసారట. మళ్ళీ ఎప్పుడు తెరుత్తారో తెలీదంట. ఎలాగూ వచ్చేం కదాని ముక్కులో పుల్లెట్టి పంపించీసారు.”

వెనక నుంచి బావ ఫోన్ లాక్కున్నాడు. “తాళమేసినోడు మంచి పని సేసాడు బావా! ఆ గదిలోంచి రాడం ఎవుడైనా సూత్తే నా బతుకేటవుద్ది?” అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి, ఎంతసేపటికీ ఆగలేదు.

ఆ గది తరువాత తెరిచారు. బావ మాత్రం మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. షెడ్లు మళ్ళీ తెరిచాక, వెల్డింగు చేస్తూ కూలిపోతే ఛాతీ ఆసుపత్రికి మోసుకెళ్ళాం. అక్కడ ఎవరినీ అడక్కుండానే రెండూ బయటపడ్డాయి, టీబీ, దాని వెనక హెచ్‌ఐవీ. డాక్టరు కాగితాలు తిరగేసి, ఇన్నిసార్లు కరోనా పరీక్ష చేయించారు, ఇది ఒక్కసారీ చేయించలేదా అన్నాడు. మందులు మొదలుపెట్టారు. ఒళ్ళు అప్పటికే తట్టుకునే స్థితి దాటిపోయింది. వానలు పడకముందే బావ పోయాడు. మందు లేని రోగమైతే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. మందు ఉంది, ఊళ్ళోనే ఉంది, పైసా తీసుకోకుండా ఇస్తారు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఎలా వచ్చిందని మీరు అడగబోతున్నారు. దినానికి వచ్చినవాళ్ళూ అన్నం ముందు కూర్చుని అదే గుసగుసలాడారు. నాకు తెలీదు. తెలుసుకోవాలనీ లేదు.

తరువాత చెల్లెలికి పరీక్ష చేశారు. తనకీ ఉంది. రోజూ మాత్ర వేసుకుంటుంది, నెలనెలా వెళ్ళి తెచ్చుకుంటుంది, కాస్త ఒళ్ళు కూడా చేసింది. ఒకే ఒక్కసారి, చేపలు కడుగుతూ, తల ఎత్తకుండా అడిగింది.

“కరోనా వచ్చిన ఆ మొదటేడు శిబిరం ఎట్టుంటే, ఆళ్ళు ఫోన్ సేసుంటే, నాకు రాకపోనేమో కదా అన్నయ్యా?”

ఎప్పుడు సోకిందో డాక్టరే చెప్పలేనన్నాడు. ఏమో అమ్మా అన్నాను. తను ఇంకో చేప చేతిలోకి తీసుకుంది.

కరోనా మాట వస్తే చాలు, అప్పుడు కాలం ఆగిపోయిందండీ అంటారు అందరూ. రోడ్ల మీద ఆగింది, షెడ్లలో ఆగింది, ఆసుపత్రి గది ముందు తాళం వేసుకుని మరీ ఆగింది. మా బావ ఒంట్లోనూ, ఆయన పక్కన పడుకున్న మా చెల్లెలి ఒంట్లోనూ అది ఒక్కరోజైనా ఆగలేదు.