ఎవరూ లేని గదిలో ఎస్తేరు

2023లో నేను విజయనగరంలో ఒక ప్రభుత్వ శాఖ జిల్లా కార్యాలయంలో అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్‌గా ఉన్నాను. జీతాల బిల్లులు, బదిలీలు, సెలవులు అన్నీ ఆ సీటు మీదుగానే పోతాయి. వాటితోపాటు ఇంకో బాధ్యత కూడా నాకు అప్పగించారు. దాని పేరు గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్. ఉద్యోగంలో తనపై వివక్ష చూపారని దివ్యాంగుల హక్కుల చట్టం కింద ఎవరైనా ఫిర్యాదు చేస్తే, దాన్ని నమోదు చేసి రెండు వారాల్లోగా విచారణ జరపాలి. ప్రతి ప్రభుత్వ కార్యాలయంలోనూ అలాంటి అధికారి ఒకరు ఉండాలి. ఉన్నారన్న సంగతే చాలామంది ఉద్యోగులకు తెలియదు. అందుకే నా దగ్గరకు వచ్చే ఫిర్యాదులు తక్కువ. వచ్చినవి కూడా ర్యాంపు కట్టలేదనో, ప్రమోషన్‌లో దాటేశారనో ఉండేవి.

జిల్లాలు విడిపోయి రాజాం మా వైపు వచ్చాక అక్కడి చిన్న ఆఫీసులు కొన్ని మా కిందికి చేరాయి. వాటిలో ఒకదాని నుంచి ఆ వర్షాకాలంలో ఒక ఫిర్యాదు వచ్చింది. పంపినామె పేరు ఎస్తేరు, జూనియర్ అసిస్టెంట్. అందులో ఎవరి మీదా నేరం మోపలేదు, ఏం జరిగిందో చెప్పలేదు. తాను ఆ ఆఫీసులో పనిచేస్తున్నానని ఎవరైనా వచ్చి కళ్ళారా చూడాలని మాత్రం కోరింది.

మతి స్థిమితం లేని మనిషేమోనని మా సెక్షన్‌లో ఒకరన్నారు. నేను ఫోన్ చేసి ఆమెను రమ్మన్నాను.

ముప్పై దాటిన మనిషి. నీలం చీర, చేతిలో గొడుగు. ఎదురుగా కుర్చీ చూపించినా కూర్చోలేదు. రెండోసారి చెబితే అంచు మీద కూర్చుంది. ఎడమచేతి వేళ్ళు రెండు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఎచ్చెర్ల యూనివర్సిటీలో పీజీ చదువుతున్నప్పుడు ఆమెకు కుష్టు వచ్చిందట. ఎం.డి.టి. మాత్రల కోర్సు పూర్తిచేసి నయం చేసుకుంది. ఆ మాత్రలు వేసుకుంటే జబ్బు ఇంకొకరికి అంటదు. వంగిన వేళ్ళు మాత్రం అలాగే ఉండిపోతాయి. చట్టం అలాంటివారికి కూడా రిజర్వేషన్ ఇస్తుంది. ఆమె పరీక్ష రాసి ఆ కోటాలో ఉద్యోగం తెచ్చుకుంది.

"ఫిర్యాదు ఇలా రాస్తే నిలవదమ్మా. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు, మీకు ఏం కావాలి, ఈ నాలుగూ ఉండాలి" అని చెప్పాను.

"ఏటి రాయమంటారు మేడమ్? నన్నెవులూ తిట్నేదు. కొట్నేదు. జీతం ఆపనేదు. అసలు నాతో ఎవులూ ఏటీ అననేదు."

ఆ ఆఖరి మాట విని నేను కలం పక్కన పెట్టాను. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది.

చేరిన మొదటి వారంలో ఆమె హాల్లో తన సీటు దగ్గరకు వెళ్ళింది. మాటలు ఆగిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు లేచి బయటికి వెళ్ళిపోయారు. "ఫేన్లు తిరుగుతన్నాయి మేడమ్. టీ గ్లాసుల్లోంచి ఆవిరొస్తన్నాది. మనుసులు నేరు. నాను ఒక్కదాన్నే నిలబడిపోయాను." మర్నాటికి ఆమె బల్లను వెనక గదిలోకి మార్చారు. దానికి పెరటి వైపు విడిగా తలుపు ఉంది. వసారాలోకి ఒక కిటికీ ఉంది. ఫైలు ఇవ్వాలంటే ఎవరో వచ్చి కిటికీ మీద పెట్టి ఒకసారి తట్టి వెళ్ళిపోతారు. పని పూర్తయ్యాక ఆమె అక్కడే పెడుతుంది. హాజరు కాగితం కూడా అలాగే వస్తుంది, అలాగే పోతుంది. రెండేళ్ళుగా ఇంతే.

"కిటికీ రెక్క సగమే తెరుసుకుంతాది. నాకు సేతులే తెలుసు మేడమ్. మొహాలు తెల్దు."

ఇన్నాళ్ళూ ఊరుకున్న మనిషి ఇప్పుడెందుకు రాసిందని అడిగాను. ప్రొబేషన్ పూర్తయిందట. ప్రొబేషన్ అంటే ఉద్యోగం పక్కా అయ్యేముందు పరీక్షా కాలం. అది సవ్యంగా ముగిసిందని ఆఫీసు రిపోర్టు పంపాలి. ఆమె సిబ్బందితో కలవదని, అందువల్ల ఉద్యోగానికి తగదని సూపరింటెండెంట్ సత్యం గారు రాశారు. అది పైకి వెళితే ఉద్యోగం పోతుంది.

ఆ మధ్యాహ్నం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఫిర్యాదు మళ్ళీ రాయించాను. విడిగా కూర్చోబెట్టడమే వివక్ష అనీ, తిట్టక్కర్లేదనీ చెబితే ఆమె నమ్మలేనట్టు చూసింది.

వారం తిరక్కుండానే విచారణకు వెళ్ళాను. ముందే కబురు పంపాను కాబట్టి హాలు కడిగి, సున్నం వేసి ఉంది. సత్యం గారు యాభై దాటిన మర్యాదస్తుడు. కొబ్బరినీళ్ళు తెప్పించారు. "ఆవిడే సెపరేట్ రూమ్ అడిగారండీ. మేం కాదనలేకపోయాం" అన్నారు. తక్కినవాళ్ళను ఒక్కొక్కరినీ విడిగా పిలిచాను. అందరూ ఆ మాటే చెప్పారు. అదే వరస, అదే గొంతు. ఒకామె చెబుతూ చెబుతూ గోడ వైపు చూసి చప్పున చూపు తిప్పుకుంది. ఆ గోడకు అవతల ఎస్తేరు ఉంది.

గది చూశాను. కిటికీ గట్టు మీద సన్నగా తెల్లటి గీత లాంటి పొడి కనిపించింది. ఇదేమిటని అడిగితే, "సీమల మందు అనుకుంటన్నాను మేడమ్. అప్పుడప్పుడూ ఏస్తారు" అంది ఎస్తేరు.

విచారణలో ఆమె మాట ఒక్కటీ ఒకవైపు, తక్కిన అందరి మాటా ఇంకోవైపు. సాక్షి లేకపోతే నా రిపోర్టు నిలబడదు. ఆలోచించి మరో పని చేశాను. ఒకరోజు ఎస్తేరును సెలవు చీటీ నేరుగా నాకే ఇచ్చి ఇంటి దగ్గర ఉండమన్నాను. నేను కబురు లేకుండా పెరటి గేటు నుంచి వెళ్ళి ఆమె కుర్చీలో కూర్చున్నాను. సెలవు సంగతి ఎవరికైనా తెలుస్తుందేమోనని మొదట అనుకున్నాను. ఆ గదిలోకి తొంగి చూసేవాళ్ళు ఉంటే కదా తెలియడానికి.

బయట ముసురు. గోడ అవతల హాల్లో మాటలు వినిపిస్తున్నాయి. ఎవరి పిల్లకో సంబంధం కుదిరిన సంగతి, వరినాట్ల సంగతి. నేను గొంతు సవరించుకున్నాను. అవతల మాటలు తెగిపోయాయి. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఎవరో చిన్నగా గొణిగారు, మళ్ళీ అన్నీ సర్దుకున్నాయి. కావాలనే ఇంకోసారి దగ్గాను. మళ్ళీ అంతే. నేను ఎవరో నాకు తెలుసు, ఎందుకొచ్చానో తెలుసు. అయినా మూడోసారి దగ్గలేకపోయాను.

కొంతసేపటికి వసారాలో చెప్పుల చప్పుడు నెమ్మదిగా దగ్గరకు వచ్చి ఆగింది. కిటికీ సందులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. మణికట్టుకు నల్లతాడు. ఫైలు గట్టు మీద పెట్టి, చెక్క మీద ఒకసారి తట్టింది. ఆ తర్వాత వెళ్ళిపోకుండా, పిడికిలిలోంచి తెల్లటి పొడి సన్నగా రాలుస్తూ గట్టు పొడుగునా గీసింది.

"ఎవరు బాబూ?" అన్నాను.

చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఒక్క క్షణం అలాగే ఉండి, వెనక్కి పోయింది. పరుగెత్తిన చప్పుడు.

నేను పొడి వేలితో తీసి చూశాను. విభూతి.

పెరట్లోకి వెళితే కుళాయి దగ్గర ఒకతను మొహం కడుక్కుంటున్నాడు, మణికట్టుకు అదే నల్లతాడు. పేరు పైడిరాజు. ఒక ఏజెన్సీ ద్వారా ఔట్‌సోర్సింగ్ మీద కంప్యూటర్ పనికి ఏడాది క్రితం చేరాడు. ఇద్దరు పిల్లల తండ్రి. మొదటి విచారణ రోజున ఇతన్ని నా ముందుకు పంపలేదు. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీరు ఆ గదిలోంచి ఒచ్చినారా?" అన్నాడు.

"అవును. జిల్లా ఆఫీసు నుంచి వచ్చాను. ఆ గదిలో ఎవరుంటారు?"

"ఎవులూ ఉండరు మేడమ్."

"మరి ఫైళ్ళు ఎవరు రాస్తున్నారు?"

అతను గోడ వైపు చూశాడు. గొంతు తగ్గించి చెప్పాడు. "నానొచ్చినప్పుడే సత్యం గారు సెప్పీసినారు. ఆ గదిలో ఎవులూ నేరు, ఫైలెట్టీసి ఒకపాలి తట్టి ఒచ్చీమన్నారు. లోపల్నుంచి పిలుపొచ్చినా పలకొద్దన్నారు. ఎనకటికి ఒకావిడ పనిసేసీదంట, పోయిందంట. నాను నవ్వుతాలకనుకున్నాను మేడమ్. మిగతావోలు ఎవులూ నవ్వనేదు. ఫైలు ఎల్లేది, పనయిపోయి ఒచ్చేది. రాత అదోలా ఉంతాది, పక్కకి ఒరిగినట్టు. మా అమ్మకి సెప్తే ఇబూదిచ్చింది."

ఆ ఆఫీసు ఒక బతికున్న మనిషిని దెయ్యం చేసింది. కొత్తవాడిని ఆట పట్టించడానికి మొదలై ఉండవచ్చు. కానీ నేను దగ్గినప్పుడు ఆగిపోయిన మాటలు ఆటలో ఆగినవి కావు. వాళ్ళు అల్లిన కథ వాళ్ళకే భయమైపోయింది.

మర్నాడు పైడిరాజును వాంగ్మూలం ఇమ్మని అడిగాను. ఔట్‌సోర్సింగ్ మనిషి, నోరు విప్పితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. వెనకాడాడు. బలవంతపెట్టలేదు. "ముందు ఆమెను చూడు, తర్వాత చెప్పు" అని పెరటి తలుపు దగ్గరకు తీసుకెళ్ళాను. ఎస్తేరు రాసుకుంటోంది. తలెత్తి ఆమె చూసింది, గుమ్మంలో అతను చూశాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ భయపడ్డారో చెప్పలేను.

"మీదేవూరండి?" అన్నాడు చివరికి.

"నరసన్నపేట కాడ."

"మా అత్తోరిదీ అటే."

ఎస్తేరు అతని మణికట్టు వైపు చూసి, "ఆ నల్లతాడు సెయ్యి మీదేనా?" అంది.

పైడిరాజు తలూపాడు. ఇవతలికి వచ్చి, "రాయండి మేడమ్, సంతకం ఎడతాను" అన్నాడు.

ఆ సాక్ష్యంతో విచారణ తీరు మారిపోయింది. సత్యం గారు మొదట కాదన్నారు. తర్వాత "తమాషాకి అన్నామండీ" అన్నారు. తమాషా అన్న మాట కూడా రిపోర్టులో రాశాను. ఆయనకు అభియోగాలతో ఛార్జ్ మెమో వెళ్ళింది, బదిలీ అయింది. ప్రొబేషన్ రిపోర్టును పైవాళ్ళు పక్కనపెట్టి, ఎస్తేరు ఉద్యోగాన్ని ఖాయం చేశారు. బల్ల హాల్లోకి వచ్చింది. కుష్టు ఎలా అంటుతుందో, ఎప్పుడు అంటదో చెప్పడానికి ఒక డాక్టరును పిలిపించాం. సిబ్బంది బుద్ధిగా కూర్చుని విన్నారు. పైడిరాజును ఏజెన్సీవాళ్ళు వేరే ఆఫీసుకు మార్చేశారు. అది శిక్షా, మామూలు మార్పా అని ఎంత అడిగినా తేల్చి చెప్పలేదు. ఆ విషయంలో నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

కొన్ని నెలలకు పనిమీద అటు వెళ్ళినప్పుడు ఎస్తేరును కలిశాను. హాలు మధ్యలో కూర్చుని ఉంది. పక్క సీటు ఆమె ఏదో అడిగితే ఎస్తేరు ముందు వెనక్కి తిరిగి చూసి, తర్వాత జవాబు చెప్పింది.

"అందరూ బాగానే మాటాడతన్నారు మేడమ్" అంది టీ తాగుతూ. "ఒకోపాలి ఆ మాట నాతోనేనా అని ఎనక్కి తిరిగి సూసుకుంటన్నాను. సర్చిలో ఇదివరకు పాటలు పాడీదాన్ని. ఆ గదిలోకి ఎల్లిన కొన్నాళ్ళకి మానీసినాను. పాస్టరమ్మ గారు ఎందుకని అడిగితే ఏటి సెప్పాలో తెల్నేదు. నా గొంతు బయటికి ఒస్తన్నాదో నేదో నాకే అనుమానమొచ్చీసింది. ఆ గదిలో ఎవులూ నేరనే వోలు అనుకున్నారు. ఆకర్ని నాను కూడా అలగే అనుకున్నాను."

ఆ మాటలు ఏ రిపోర్టులోనూ లేవు. నేను అడగలేదు, ఫిర్యాదు ఫారంలో దానికి గడి లేదు. వివక్ష అంటే ఒకరు ఇంకొకరికి ఏదో చేయడమని అంతవరకూ అనుకున్నాను. చేసినవాళ్ళు వెళ్ళిపోయాక కూడా అది లోపల పని చేస్తూ ఉంటుందని ఆమె వల్ల తెలిసింది. ఇప్పుడు నా ముందు ఎవరు ఫిర్యాదుతో కూర్చున్నా ఎవరు, ఎప్పుడు, ఏం చేశారని అడుగుతాను. అది చట్టానికి కావాలి. అదంతా రాసుకున్నాక, "ఉద్యోగంలో చేరాక మీరు ఏం మానేశారు?" అని కూడా అడుగుతాను. మొదటి ప్రశ్నలకు జవాబులు గబగబా వస్తాయి. ఈ ప్రశ్న దగ్గర మాత్రం చాలామంది ఆగి కిందకి చూస్తారు. అప్పుడు నేను తొందరపెట్టను.