ఊడ్చిన చెత్త మళ్ళీ ఇంట్లోకి

నవ్వబోమని మాటిస్తేనే చెబుతాను. మొన్న ఆదివారం, ఊడ్చి పారబోసిన చెత్తను నా చేతులతో నేనే తెచ్చి ఇంట్లో పోసుకున్నాను. హైస్కూల్లో జాగ్రఫీ చెప్పే మనిషిని!

మా చెల్లెలు రమణమ్మ మొగుడు ఆ రోజు బొంబాయి నుంచి లండన్‌కు విమానంలో పోతున్నాడు. కంపెనీవాళ్ళు మిషన్ల పని నేర్చుకురమ్మని ఆరునెలలకు పంపించారు. మా రెండు వైపులా విమానం ఎక్కిన మొదటి మనిషి. రమణమ్మ ముందురోజే బుచ్చిరెడ్డిపాలెంలో మా ఇంటికి వచ్చేసింది. పొద్దున్నించీ అన్నం ముట్టలేదు. ఊరికి బయలుదేరినవాళ్ళు చేరేదాకా ఇల్లు ఊడవకూడదు, తలకు పోసుకోకూడదు అని మా అమ్మ పట్టు. ఇల్లంతా చెత్త, చెల్లెలి మొహం నిండా దిగులు. చూడలేకపోయాను.

మన చదువు ఎందుకు మరి? గోడకున్న ప్రపంచ పటం మీద బొంబాయికీ లండన్‌కూ మధ్య దారం పెట్టి కొలిచాను. సుమారు నాలుగున్నర వేల మైళ్ళు. జెట్ విమానం గంటకు అయిదువందల యాభై మైళ్ళు పోతుందట. ఎనిమిది గంటలు, మహా అయితే ఇంకాస్త. బావ ఉత్తరంలోనూ అంతే ఉంది: ఉదయం ఆరుకు బయలుదేరి మధ్యాహ్నం రెండుకు చేరతానని. లెక్క అతికినట్టు సరిపోయింది. గడియారం రెండు కొట్టగానే, బావ చేరిపోయాడు, ఇక తలకు పోసుకో పొమ్మన్నాను. అమ్మ దేవుడికి దండం పెట్టుకుని ఇల్లు ఊడ్చి, చెత్త పెరట్లో పోసింది. రమణమ్మ కుంకుడుకాయలు కొట్టుకుంది.

నేను అరుగు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. నేనిచ్చిన ప్రశ్నే: మనకు మధ్యాహ్నం పన్నెండయితే లండన్‌లో ఎంత? ఎవడో పన్నెండే అని రాశాడు. సున్నా చుట్టబోయాను. సగంలో చెయ్యి ఆగిపోయింది. అక్కడి గడియారం మనకన్నా అయిదున్నర గంటలు వెనక. బావ రాసిన రెండు, లండన్ రెండు. మనకు రాత్రి ఏడున్నర! మధ్యలో విమానం ఎక్కడెక్కడో దిగి లేస్తుందన్న సంగతీ నాకు తట్టలేదు. ఇప్పుడింకా మూడున్నరే. మనిషి ఆకాశంలో ఉన్నాడు, ఇక్కడ మేం ఊడ్పులూ తలంట్లూ కానిచ్చేశాం.

నాకు ఇలాంటి నమ్మకాలు లేవని మీకందరికీ తెలుసు. అబద్ధమెందుకు, ఆ నిమిషంలో అన్నీ నమ్మేశాను. చేట పుచ్చుకుని పెరట్లోకి పరిగెత్తాను. చేతికందిన చెత్తంతా ఎత్తుకొచ్చి ముందుగదిలో చల్లుతున్నాను. తలెత్తితే గుమ్మంలో రమణమ్మ, తడిజుట్టుతో.

"ఏం చేస్తుండావన్నా?"

చెప్పక తప్పలేదు. పాపం, రమణమ్మ తల తుడుచుకోకుండా ఆ చెత్తలోనే కూలబడింది. అమ్మ నావైపు చూడనే లేదు. ఏడున్నర కొట్టింది. ఈసారి చేరాడని చెప్పినా నమ్మేవాళ్ళు లేరు.

మర్నాడు టెలిగ్రాం వచ్చింది. మా ఇంట్లో టెలిగ్రాం అంటే చావుకబురే. ఇంగ్లీషు కాబట్టి నేనే చదవాలి. మడత విప్పబోయి రెండుసార్లు కింద పడేశాను. క్షేమంగా చేరాను, విమానం మూడుగంటలు ఆలస్యం, అని ఉంది. అంటే నా ఏడున్నర కూడా తప్పే.

రమణమ్మ మూడుసార్లు చదివించుకుంది. ఏడ్చింది, నవ్వింది. తర్వాత లోపలికి పోయి చీపురు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇంద. ఆయన చేరినాడు గదా, ఇప్పుడు ఊడువు."

ఇల్లంతా ఊడ్చాను. చేతులు కడుక్కుని మళ్ళీ పేపర్లు ముందు వేసుకున్నాను. లండన్‌లో పన్నెండే అని రాసినవాడి సగం సున్నా అలాగే ఉంది. దాన్ని కొట్టేసి సగం మార్కు వేశాను. నాకన్నా వాడే నయం, ఇల్లు ఊడ్పించలేదు.