గోడ కన్నంలో బల్బు

మల్కాపురంలో హార్బరు వైపు దిగే సందులో రేకుల ఇళ్ళ వరస ఒకటుండేది. ఆ వరసలో మొట్టమొదట కరెంటు మీటరు పెట్టించిన ఘనత వరహాలమ్మది. డెబ్భై తొమ్మిదిలో సంగతి. మీటరు బిగించిన రోజున దానికి పసుపు రాసి బొట్టు పెట్టబోతే, "షాకు కొట్టి చస్తావు తల్లీ, జరుగు!" అని కరెంటు మేస్త్రి కేకేశాడు. సరేలెమ్మని బొట్టు పక్కన గోడకి పెట్టింది. దండం మాత్రం మీటరుకే పెట్టింది.

ఆ మీటరు కోసం చెవుల దుద్దులు అమ్మేసింది. సోకు కోసం కాదు. మొగుడు సత్యం హార్బరులో ఒక కాంట్రాక్టరు దగ్గర, ఓడల్లోకి ఇనుపరాయి మోసే బెల్టు మీద పనివాడు. ఏడాదిలో సగం రోజులు నైటు డ్యూటీ. పొద్దున్నే వచ్చి ఒంటినున్న ఎర్రదుమ్ము కడుక్కుని, పగలు పడుకోవాలి. వేసవిలో రేకుల కింద పగలు పడుకోవడమంటే కాలిన పెనం మీద పడుకోవడమే. నిద్ర చాలని మనిషి తిరిగే బెల్టు పక్కన నిలబడితే ఏమవుతుందో ఆ వరసలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందుకని మీటరు, మీటరు వెనకే ఒక టేబులు ఫ్యాను. ఆ ఇంట్లో కరెంటంటే సత్యం నిద్ర. ఇంకోటి కాదు.

పక్క వాటాలో గంగాలమ్మ. మధ్యలో ఒకటే గోడ. ఇద్దరూ భీమిలి వైపు పల్లెల నుంచి ఒకే ఏడు కాపురానికి వచ్చినవాళ్ళు. డెబ్భై మూడులో చందనోత్సవానికి కలిసి సింహాచలం వెళ్ళి, అప్పన్న సాక్షిగా బొట్టు పెట్టుకుని, చీరా రవికా మార్చుకుని నేస్తం కట్టుకున్నారు. నేస్తం కట్టుకున్నాక ఇక పేరు పెట్టి పిలవకూడదు. చచ్చేదాకా "నేస్తం" అనే అనాలి. నేస్తం మీద అనుమానం పడినా, నేస్తంతో లెక్కలు చూసినా కళ్ళు పోతాయంటారు. తోడబుట్టినదానితో తగువు పడొచ్చు గానీ నేస్తంతో పడకూడదు.

గంగాలమ్మ ఇంటి జాగా మీద ఏదో కోర్టు తగాదా ఉంది. కాగితం లేనిదే మీటరు ఇచ్చేది లేదన్నారు కరెంటు ఆఫీసువాళ్ళు. నేస్తం చీకట్లో ఉంటే వరహాలమ్మకి ముద్ద దిగుతుందా? మధ్య గోడకి కన్నం కొట్టించి, అందులో ఒక నలభై వాట్ల బల్బు పెట్టించింది. ఒకే బల్బు, రెండిళ్ళకీ వెలుతురు. పైసా తీసుకోనంది. అక్కడితో ఆగిందా? బల్బు స్విచ్చు కూడా గంగాలమ్మ ఇంట్లోనే బిగించమంది.

"అదేటే, మీటరు మనది, స్విచ్చు ఆలింట్లోనా?" అన్నాడు సత్యం.

"మరి నా నేస్తం రోజూ మన గుమ్మంలోకొచ్చి, దీపం ఎలిగించమ్మా అని అడుక్కోవాలేటి? ఆల ఇంట్లో దీపం ఆలే ఎలిగించుకుంటారు," అంది వరహాలమ్మ. అంత గొప్ప మర్యాద ఆవిడది!

మూడేళ్ళు బాగానే గడిచాయి. రెండు నెలలకోసారి పన్నెండో పదమూడో రూపాయలు బిల్లు వచ్చేది. ఎనభై రెండు వేసవిలో ఇరవై ఎనిమిది వచ్చింది. ఆ పై బిల్లు యాభై. వరహాలమ్మ ఇల్లంతా ఓసారి కలయజూసింది. ఇంట్లో ఉన్నవేమిటి? కన్నంలో బల్బు, ఫ్యాను. రేడియో కూడా బ్యాటరీలదే.

"నేస్తం, నాకు బుర్ర పన్చెయ్యట్లేదు. ఏటి తినీస్తందో తెల్దు కరెంటు," అని మొత్తుకుంది.

గంగాలమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఇంకేటి తింటాది నేస్తం? ఆ ఫ్యానే. పగలంతా గిర్రుమని తిరుగుతంది కాదేటి! బావకి నిద్ర పట్టీదాకా ఏసి, పట్టీసినాక ఆపీయ్."

నేస్తం మాట వేదం. ఆ రోజు నుంచి సత్యం కన్ను మూతపడగానే వరహాలమ్మ ఫ్యాను ఆపేసేది. తాటాకు విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చునేది. చెయ్యి లాగేసేదాకా విసిరేది, ఈ చేతినుంచి ఆ చేతికి మార్చేది. వంటకి లేచిందంటే చాలు, చెమటకి తడిసి సత్యం లేచి కూర్చునేవాడు.

"ఏటే ఇది, కునుకు పట్టనివ్వవా? ఓసారి పక్కింటోల్ల సంగతీ సూడరాదా?"

"సీ! నేస్తాన్ని సూడ్డవేటి? ఆ మాటింకోపాలి అన్నావంటే నా మీద ఒట్టే."

సత్యం మళ్ళీ అనలేదు. బిల్లు మాత్రం డెబ్భై రెండుకి ఎక్కింది.

ఇంకో వింత ఉంది. కుళాయి దగ్గర ఇద్దరూ కలిసే అంట్లు తోముకునేవారు. వరహాలమ్మ గిన్నెల అడుగున కట్టెపొయ్యి మసి అంగుళం మందం. గంగాలమ్మ గిన్నెలు మాత్రం తళతళ. "ఎలా తోముతావు నేస్తం?" అని అడిగితే, "నిమ్మతొక్కతోటి," అని చెప్పింది. పాపం ఈ పిచ్చితల్లి సోడా కొట్టు చుట్టూ తిరిగి, పారేసిన నిమ్మతొక్కలు ఏరుకొచ్చి రెక్కలు పడిపోయేలా తోమింది. మసి పోలేదు. తన చేతిలోనే పనితనం లేదనుకుని ఊరుకుంది.

ఎనభై నాలుగు మే నెలలో, నైటు డ్యూటీలో సత్యానికి నిలబడ్డవాడికి నిలబడ్డట్టే కునుకు పట్టింది. కుడిచెయ్యి బెల్టు రోలరు మీద పడింది. రెండు వేళ్ళు పోయాయి.

పెద్దాసుపత్రిలో ఉన్న పన్నెండు రోజులూ గంగాలమ్మ క్యారేజీ మోసుకొచ్చింది. వేడివేడి అన్నం, చారు, వంకాయ కూర. మంచం పక్కన నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది. నేస్తరికమంటే ఇదీ అని వరసంతా చెప్పుకున్నారు. వరహాలమ్మ ఆ చేతులు కళ్ళకద్దుకుంది.

సత్యం ఇంటికొచ్చిన వారానికి మీటరు చూసే గురునాథరావు వచ్చాడు. తలుపు పక్కన కార్డు మీద రీడింగు రాస్తూ ఆగిపోయాడు. గోదావరి జిల్లా మనిషి, పెద్దాయన.

"ఏమ్మా, హీటరు వాడుతున్నారా?"

"హీటరంటే ఏటి బాబూ?"

"కరెంటు పొయ్యమ్మా."

"అప్పన్న మీద ఒట్టు బాబూ! ఉన్నదల్లా ఫ్యాను. అదీ ఆపుకునే సత్తన్నాం."

ఆయన లోపలికి చూశాడు. కట్టు కట్టిన చెయ్యి గుండె మీద పెట్టుకుని సత్యం చెమటలు కక్కుతూ పడుకుని ఉన్నాడు. ఫ్యాను ఆగి ఉంది. కన్నంలో బల్బు వెలగడం లేదు. మీటరులో చక్రం మాత్రం ఆగకుండా పరుగెడుతోంది.

"ఇలా రా తల్లీ, చూడు. నీ ఇంట్లో అన్నీ ఆపి ఉన్నాయి. మరిది ఎవరి కోసం తిరుగుతోంది?"

వరహాలమ్మ చక్రం వంక చూసింది. మీటరు నుంచి బయల్దేరిన తీగ వెంట ఆవిడ చూపు నడిచింది. గోడ మీదుగా, బల్బు కన్నంలోంచి, అవతలికి.

"ఫ్యాను తినేస్తందన్నారు బాబూ," అంది మెల్లిగా.

"ఎవరమ్మా ఆ మాటన్నది? ఫ్యాను పొద్దంతా తిరిగి తినేది ఆ పొయ్యి ఒక్క గంటలో మింగేస్తుంది."

వరహాలమ్మ చెప్పులైనా వేసుకోకుండా పక్కింట్లోకి నడిచింది. తలుపు చేరవేసి ఉంది. తోసింది. పొగ లేదు, కట్టె లేదు. మూలన మట్టిబిళ్ళలో తీగచుట్ట ఎర్రగా కాలుతోంది, దాని మీద అన్నం ఉడుకుతోంది. స్విచ్చు పక్కనుంచి ఒక తీగ దిగి పొయ్యిలోకి వెళ్ళింది. గంగాలమ్మ మొగుడు ఎల్లారావు వెల్డింగు షాపులో పనివాడు. తీగ కలపడం వాడికెవరు నేర్పాలి? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే మరి!

గరిటె పట్టుకున్న గంగాలమ్మ అలాగే ఉండిపోయింది.

"నేస్తం... కిరసనాయిలు దొరకదు, కట్టెలు కొనలేం. నీకు సెప్దామనే అనుకున్నాను..."

"ఎన్నాళ్ళయ్యింది?"

"రెండేళ్ళు." తనే మళ్ళీ అంది, "నువ్వే కదా ఇచ్చినావు కరెంటు. మీకు మీటరుంది. మాకేటుంది?"

"ఆస్పత్రికి తెచ్చిన కూడు కూడా దీని మీద వండిందేనా?"

గంగాలమ్మ తల దించుకుంది.

వరహాలమ్మ అరవలేదు. అరిచి ఉంటే గంగాలమ్మకీ కాస్త తేలికయ్యేదేమో. "కరెంటు తిన్నావు, తిను. పొయ్యి కావాలంటే నానే ఇచ్చీదాన్ని. నా మొగుడి ఫ్యాను ఆపమని ఎందుకు సెప్పినావు?"

అన్నం అడుగంటుతున్న వాసన వచ్చినా గంగాలమ్మ గిన్నె దించలేదు.

గురునాథరావు కన్నం దగ్గర తీగ కత్తిరించేశాడు. పైకి రాస్తే కేసు వరహాలమ్మ మీదకే వస్తుందన్నాడు, మీటరు ఆవిడదీ, తీగ ఇచ్చిందీ ఆవిడే కాబట్టి. తొంభై ఒక్క రూపాయల బిల్లు ఆవిడే కట్టాలి. కట్టింది. సాయంత్రం సిమెంటు తెచ్చి కన్నం తనే మూసింది.

సత్యం అడిగాడు, "ఏటైందే?"

"నీ మాట ఇననందుకు నా సెంపలు నానే వాయించుకోవాలి," అంది.

మూడో రోజు పొద్దున్న కుళాయి దగ్గర ఎప్పటిలాగే బిందెల వరస. గంగాలమ్మ వచ్చింది. ఆవిడ గిన్నెలకి కొత్తగా మసి పట్టింది. ఏమీ జరగనట్టే, నలుగురూ వినేలా, ముద్దుగా పిలిచింది.

"నేస్తం, నా బిందె కూసింత ముందుకి జరుపు."

వరహాలమ్మ తలెత్తి చూసింది.

"నీ వంతొచ్చినపుడు పట్టుకో, గంగాలమ్మా."

పదకొండేళ్ళలో ఆ పేరు ఆ నోట రావడం అదే మొదలు. దాని అర్థం అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఏమైందని ఒక్కరూ అడగలేదు. గంగాలమ్మ బిందె అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయింది.

వరహాలమ్మ తన బిందె నింపుకుని వచ్చింది. ఫ్యాను పూర్తిగా తిప్పి పెట్టింది. సత్యం హాయిగా నిద్రపోతున్నాడు. ఆ కట్టు కట్టిన చెయ్యి పక్కన కూర్చుని, అప్పుడు ఏడ్చింది.